ఆవిడ మాటకేం లెండి!

మన ఇళ్ళలో తరచు వినిపించే మాట ఒకటి ఉంది: "ఆవిడ మాటకేం లెండి!" ఇది తిట్టు కాదు. కోపంతో అనేది అంతకంటే కాదు. చుట్టం వచ్చి కూర్చున్నప్పుడు ఇంట్లోని పెద్దావిడ ఏదో అనకూడని మాట అంటుంది. ఇంటాయన చిన్నగా నవ్వి, ఈ మూడు ముక్కలూ అని, చుట్టానికి కాఫీ అందిస్తాడు. అంతటితో ఆ మాట అక్కడ పడిపోతుంది. పడిన మాటను మళ్ళీ ఎవరూ వంగి తీసుకోరు.

పెద్దావిడ ఒక్కతే కాదు. రాత్రిళ్ళు తాగివచ్చే బాబాయి కావచ్చు. నిద్రమాత్రలు వేసుకునే పిన్ని కావచ్చు. ఒకసారి మనసు చెదిరి ఆస్పత్రికి వెళ్ళివచ్చిన కుర్రాడు కావచ్చు. వెదికి చూస్తే ఇంటికొకరు తేలతారు, మాట చెల్లనివాళ్ళు. వారికి అన్నం పెడతాం, మందు తెచ్చిపెడతాం, చలి వేస్తే దుప్పటి కప్పుతాం. వారి మాట ఒక్కటే తీసుకోం.

ఈ సంగతి మీద నా ధ్యాస మళ్ళడానికి కారణం ఒక ఇంగ్లీషు నవల. కాలేజీలో ప్రబంధాలు చెప్పుకొనేదానికి ఇంగ్లీషు అపరాధ నవలతో ఏం పని అని మీరడగవచ్చు. పని మా అమ్మాయి కల్పించింది. "అమ్మా, ఎప్పుడూ ఆ వరూధినీ ప్రవరాఖ్యులేనా? ఇది చదివి చూడు. మధ్యలో ఆపగలిగితే నన్నడుగు" అని పుస్తకం నా చేతిలో పెట్టి, తన పరీక్షలకు తాను చదువుకోవడానికి వెళ్ళిపోయింది.

పుస్తకం పేరు 'ది గర్ల్ ఆన్ ది ట్రైన్'. రచయిత్రి పౌలా హాకిన్స్. నేటి జింబాబ్వేలో పుట్టి, 1989లో లండను చేరి, చాలాకాలం పత్రికల్లో పనిచేసిన మనిషి. 2015లో వెలువడిన ఈ నవల కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయింది. 2016లో హాలీవుడ్డువారు దీన్ని సినిమాగా తీస్తూ, లండను రైలును తీసుకుపోయి న్యూయార్కు పొలిమేరల్లో నడిపించారు. 2021లో హిందీలోనూ సినిమాగా వచ్చింది.

కథ ఇది. రాచెల్ అనే ముప్పయ్యేళ్ళు దాటిన ఆవిడ రోజూ ఉదయం 8 గంటల 4 నిమిషాల రైలెక్కి లండను వెళుతుంది. సాయంత్రం తిరిగివస్తుంది. అందరూ ఆఫీసుకే అనుకుంటారు. నిజానికి ఆమె ఉద్యోగం ఊడి కొన్ని నెలలైంది. తాగి పనిలోకి వెళ్ళినందుకు తీసేశారు. గది పంచుకున్న స్నేహితురాలికి ఆ సంగతి చెప్పలేక రోజూ ఈ రైలు ప్రయాణం. పిల్లలు కలగలేదన్న దిగులుతో తాగడం మొదలుపెట్టింది. భర్త మరొకామెను కట్టుకున్నాడు, వారికి పాప కూడా పుట్టింది. దారిలో ఒకచోట సిగ్నలు దగ్గర రైలు ఆగుతుంది. అక్కడి నుంచి చూస్తే ఒకప్పటి తన ఇల్లు కనబడుతుంది. నాలుగిళ్ళ అవతల మరో ఇంట్లో ఒక పడుచుజంట కనబడుతుంది. వారెవరో రాచెల్‌కు తెలియదు. తానే వారికి పేర్లు పెట్టి, వారి కాపురాన్ని తన ఊహల్లో చక్కదిద్దుకుంటూ ఉంటుంది.

ఒక శనివారం రాత్రి ఆ ఇంటి ఇల్లాలు కనబడకుండా పోతుంది. అదే రాత్రి రాచెల్ ఆ వీధిలోనే ఉంది. మర్నాడు లేచేసరికి తలమీద గాయం, ఒంటిమీద కమిలిన మచ్చలు, లోపల చెప్పలేని భయం. ఏం జరిగిందో మాత్రం ఒక్క ముక్క గుర్తులేదు. పోలీసులకు ఏదో చెప్పబోతుంది. వారు ఆమె వాలకం చూస్తారు, ఆమె నోటి వాసన చూస్తారు, నోటుపుస్తకం మూసేస్తారు.

ఇంతవరకు వచ్చేసరికి రాత్రి పదకొండయింది. పుస్తకం మూసిపెట్టగలనా అంటే లేకపోయాను. భయం వల్ల కాదు, కథ చెప్పే తీరు వల్ల. మనకు కథ చెప్పేవారంటే ఒక గౌరవం ఉంది. నైమిశారణ్యంలో సూతుడు చెబుతూంటే "నువ్వు చూశావా?" అని శౌనకాదులు అడ్డుసవాళ్ళు వేయలేదు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్ కథలు మన ఇళ్ళలో తలగడల కింద దాచుకొని చదివిన రోజుల్లో కూడా, హంతకుడెవరన్నది అనుమానమే గాని కథ చెప్పేవారిమీద అనుమానం లేదు. ఇక్కడ కథ చెప్పేది రాచెల్. ఆమె చెబుతూ చెబుతూ "నాకు తెలియదు, గుర్తురావడంలేదు" అంటుంది. ఒకచోట అబద్ధమాడుతుంది, ఆడానని తానే ఒప్పుకుంటుంది. "నేనే ఏదైనా ఘోరం చేశానేమో" అని వణికిపోతుంది. చేయిపట్టుకొని దారి చూపవలసిన మనిషికే కళ్ళు కనబడకపోతే ఎలా ఉంటుందో, అలా ఉంది నా పని.

మా అమ్మాయికి మొదటినుంచీ రాచెల్ మీదే అనుమానమట. "తాగుబోతు మనిషి, ఏం చేసిందో ఆమెకే తెలియదు, ఇంకెవరు చేసి ఉంటారు?" అని తేల్చేసింది. నాకు అంత తొందరగా తేల్చే అలవాటు లేదు. పాతికేళ్ళుగా పద్యాలు విడగొట్టి అన్వయం చెప్పుకొనే వృత్తి కదా. దిద్దుతున్న పరీక్ష కాగితాల మధ్యనుంచి ఒక తెల్లకాగితం లాగి, నడుమ నిలువుగా ఒక గీత గీశాను. ఎడమవైపు 'చూసింది' అని, కుడివైపు 'విన్నది' అని రాశాను. రాచెల్ తన గురించి చెప్పుకొనే ప్రతి సంగతీ ఏ వైపు చేరుతుందో పెన్సిలుతో వేస్తూ పోయాను.

పుస్తకం చదవబోయేవారు ఈ పేరా దాటెయ్యవచ్చు, నేనేమీ అనుకోను. హంతకుడి పేరు చెప్పను గాని ఒక్క సంగతి చెప్పక తప్పదు. సగం పుస్తకం అయ్యేసరికి నా కాగితంమీద కుడివైపు నిండిపోయింది. రాచెల్‌కు తనమీద తనకున్న అసహ్యానికి కారణమైన పనులన్నీ, విందులో రభస చేయడం, ఇంట్లో వీరంగం వేయడం, గోల్ఫు కర్ర ఎత్తి మనిషిమీదికి వెళ్ళడం, ఇవన్నీ మర్నాడు ఉదయం మరొకరు చెప్పగా విన్నవి. ఒక్కటీ ఆమె తాను చేసినట్టు ఎరగదు. తాను తాగిన మాట నిజం, మరిచిన మాట నిజం. కాబట్టి చెప్పింది కూడా నిజమే అయివుంటుందని ఒప్పుకుంది, సిగ్గుపడింది, క్షమాపణ చెప్పుకుంది. ఆ గోల్ఫు కర్ర తలపుకు వచ్చినప్పుడల్లా ఆమెకు కోపం గుర్తురావాలి కదా? రాదు. భయం గుర్తుకొస్తుంది. కర్ర ఎత్తినవారికి కలిగేది కోపం, కర్ర కిందనున్నవారికి కలిగేది భయం. కథంతా ఆ చిన్న తేడా మీద తిరుగుతుంది.

ఇక్కడ మరొక పాత పుస్తకం జ్ఞాపకం వచ్చింది. 1926లో అగాథా క్రిస్టీ రాసిన రోజర్ అక్రాయిడ్ హత్య కథ. దాన్ని చెప్పేది ఊరి డాక్టరు. నెమ్మదస్తుడు, చదువుకున్నవాడు, నాలుగిళ్ళలో గౌరవమున్నవాడు. ఆయన మాటను పాఠకుడు మారుమాట లేకుండా నమ్ముతాడు. తీరా చూస్తే డాక్టరుగారు అబద్ధం చెప్పడు గాని, చెప్పవలసిన నాలుగు ముక్కలు మింగుతాడు. ఆ పుస్తకం వచ్చినప్పుడు ఇది అన్యాయమని కొందరు గోలపెట్టారు. తొంభై ఏళ్ళ తరువాత వచ్చిన రాచెల్ కథకూ డాక్టరుగారి కథకూ పోలికే లేనట్టుంటుంది గాని, రెండూ పాఠకుడి ఒకే బలహీనతను పట్టుకున్నాయి. మనం మాటను తూచం, మనిషిని తూస్తాం. మడత నలగని కోటు వేసుకున్నవాడి మాట నమ్ముతాం, తూలుతూ వచ్చినవాడి మాట తోసేస్తాం.

ఇలా పూర్తిగా నమ్మడానికి వీలులేని కథకుడికి 1961లో వెయిన్ బూత్ అనే అమెరికను విమర్శకుడు పేరుపెట్టాడు. మనం దాన్ని 'అవిశ్వసనీయ కథకుడు' అంటున్నాం. మన నవలాకారులు మనసు లోతులు చూడకపోలేదు. గోపీచంద్ సీతారామారావు, బుచ్చిబాబు దయానిధి, రావిశాస్త్రి సుబ్బయ్య, 1969లో నవీన్ 'అంపశయ్య'లో చూపిన విద్యార్థి రవి, అందరూ లోలోపల నలిగిపోయినవాళ్ళే. అయితే వారు నలగడం మనం పక్కన నిలబడి చూస్తాం. రాచెల్ విషయంలో పక్కన నిలబడడానికి చోటులేదు. ఆమె తలలోనే కూర్చుని, ఆమెకు కనబడినంతే చూస్తూ, ఆమెను నమ్మాలో మానాలో మనమే తేల్చుకోవాలి.

మరి చేయని పనిని చేశాననుకోవడం సాధ్యమేనా? ఇది నవలల్లో చెల్లుతుంది గాని లోకంలోనా అని అనిపించవచ్చు. లోకంలోనే. అతిగా, వడిగా తాగినప్పుడు మెదడులో జ్ఞాపకాలను పదిలపరచే భాగం తాత్కాలికంగా పనిమానుతుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, డబ్బులిచ్చి రిక్షా ఎక్కుతాడు. టేపురికార్డరు తిరుగుతున్నట్టే ఉంటుంది, టేపుమీదికి ఏమీ ఎక్కదు. ఎక్కనిదాన్ని తరువాత ఎంత తవ్వినా దొరకదు. కొందరికి మాత్రం ముక్కలు ముక్కలుగా కొంత ఎక్కుతుంది. పరిచయమైన చోటు, వాసన, ఎవరో అన్న మాట తగిలినప్పుడు ఆ ముక్కలు పైకి వస్తాయి. రాచెల్‌కు వచ్చేవి అటువంటి ముక్కలు. ఆ ఖాళీని మర్నాడు ఉదయం ఎవరు పూరిస్తే, వారు చెప్పిందే ఆమె గతమవుతుంది.

తాగనివారం మనకేం భయం అనుకోవడానికీ వీలులేదు. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు కారు ప్రమాదాల చిత్రాలు చూపి, కార్ల వేగమెంత అని అడిగారు. కొందరిని "కార్లు తగిలినప్పుడు" అనీ, కొందరిని "కార్లు ఢీకొని నుజ్జయినప్పుడు" అనీ అడిగారు. మొదటి మాట విన్నవారు సగటున గంటకు 34 మైళ్ళన్నారు, రెండోమాట విన్నవారు 41 మైళ్ళన్నారు. మరో విడత పరీక్షలో వారం తరువాత పిలిచి "పగిలిన అద్దం చూశారా?" అని అడిగారు. చిత్రంలో పగిలిన అద్దమే లేదు. అయినా మెత్తటి మాట విన్న 50 మందిలో 7గురు, గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. వారు అబద్ధాలకోరులు కారు, మతి చెదిరినవారు కారు, శుభ్రంగా చదువుకుంటున్న పిల్లలు. ఒక్క క్రియాపదం మార్చినందుకు ఇంత తేడా వస్తే, ఏళ్ళతరబడి ఇంట్లో మనిషే రోజూ "నువ్వలా చేశావు" అని చెబుతూంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

1938లో పాట్రిక్ హామిల్టన్ అనే ఆంగ్లేయుడు 'గ్యాస్ లైట్' అని ఒక నాటకం రాశాడు. అందులో భర్త వస్తువులు తానే దాచి, "నువ్వే ఎక్కడో పెట్టి మరిచిపోయావు" అని భార్యను నమ్మిస్తాడు. అతడు రహస్యంగా మేడమీద దీపం వెలిగించినప్పుడల్లా కింద గదిలో గ్యాసుదీపం మసకబారుతుంది. ఆమె దాన్ని కళ్ళారా చూస్తుంది గాని, పిచ్చిదాన్నన్న భయంతో పైకి చెప్పలేదు. 1944లో దీన్నే సినిమా తీస్తే ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఆస్కారు బహుమతి వచ్చింది. ఎదుటివారి మతిమీద వారికే అనుమానం పుట్టించడానికి ఆ నాటకం పేరుమీద ఇంగ్లీషులో ఒక క్రియే పుట్టింది. 2022లో ఒక పెద్ద అమెరికను నిఘంటువువారు దాన్ని ఆ సంవత్సరపు మాటగా ఎంచారు.

పేరు వారు పెట్టారు గాని ఆ పని మనకు కొత్తదా? నన్నయగారి ఆదిపర్వం తీయండి. శకుంతల బిడ్డను వెంటబెట్టుకొని నిండుసభకు వచ్చి నిలబడుతుంది. దుష్యంతుడికి ఆమె ఎవరో తెలుసు, జరిగినదంతా తెలుసు. తెలిసే "నిన్నెరగను" అంటాడు. సాక్షులెవరూ లేరు. మహారాజు మాట ఒకవైపు, అడవినుంచి వచ్చిన ఆడదాని మాట ఒకవైపు. చివరకు ఆకాశవాణి పలికితే గాని ఆమె మాట చెల్లలేదు. కాళిదాసు ఈ కథను నాటకం చేసినప్పుడు దుర్వాసుని శాపం, ఉంగరం తెచ్చిపెట్టి రాజుకు మరుపు కల్పించాడు. రాజు మంచివాడైపోయాడు. ఏటేటా క్లాసులో ఈ రెండు కథలూ పోల్చి చెబుతూ ఉంటాను. రాచెల్‌ను చదివాక ఈ ఏడు మరో సంగతి కలిపి చెప్పాను. శాపమున్నా లేకపోయినా, మరుపు నిజమైనా నటన అయినా, శకుంతల నిలబడిన చోటు మారలేదు. "నీకేం జరిగిందో మొదటినుంచి చెప్పమ్మా" అని ఆ సభలో అడిగినవారు లేరు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. రాచెల్ పులుకడిగిన ముత్యం కాదు. తప్పిపోయిన ఆమె భర్త దగ్గరకు వెళ్ళి "నేను మీ ఆవిడ స్నేహితురాలిని" అని పచ్చి అబద్ధమాడుతుంది. వద్దన్న ఇంటికి ఫోన్లు చేస్తుంది. ఆమె మాటలన్నీ నమ్మితే పోలీసులు మునిగిపోతారు. రచయిత్రిని మెచ్చుకోవలసింది ఇందుకే. మాట చెల్లని మనిషిని దేవతను చేయలేదు. కొన్నిటిలో అబద్ధమాడే మనిషే ఒకదానిలో నిజం చెప్పవచ్చునని చూపింది. దేనికది విడిగా విచారించవలసిందే, గుత్తగా నమ్మడానికీ లేదు, గుత్తగా కొట్టిపారేయడానికీ లేదు. లోపాలు లేవా అంటే ఉన్నాయి. కథను రాచెల్‌తోపాటు మరి ఇద్దరు స్త్రీలు పంచుకొని చెబుతారు. ముగ్గురి గొంతులూ ఒకటిగానే వినిపిస్తాయి, పైన పేరు చూసుకుంటే గాని ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. ముగింపు కూడా సినిమా పోరాటంలా ఉంది. నా విద్యార్థులెవరైనా ఇలా రాస్తే రెండు మార్కులు తగ్గించేదాన్ని.

ఈ విషయంలో మన ఇళ్ళకంటే మన చట్టం నయమనిపిస్తుంది. 1872 నాటి సాక్ష్యపు చట్టంలో మతిస్థిమితం లేనివారు సాక్ష్యానికి పనికిరారని గుత్తగా అనలేదు. అడిగిన ప్రశ్న అర్థం చేసుకోలేనంతగా, దానికి సమంజసమైన జవాబు చెప్పలేనంతగా ఆ జబ్బు అడ్డుపడితే తప్ప వారి సాక్ష్యాన్ని తీసుకోవచ్చునన్నారు. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ ఏర్పాటును ఉంచారు. విన్నాక నమ్మడమో మానడమో తరువాతి సంగతి. ముందు బోనెక్కించి అడుగుతారు.

మా ఇంట్లో ఆ అడగడం జరగని సంగతి ఒకటి ఉంది. అది 1990 ప్రాంతం, నాకు పదేళ్ళుంటాయి. మా నాన్నకు అక్కయ్య, అంటే నా మేనత్త, మా దగ్గరే ఉండేది. భర్తా, ఒక్కగానొక్క కొడుకూ ఏడాది తేడాలో పోయారు. అప్పటినుంచి నిద్రమాత్రలు లేనిదే నిద్రలేదు. పొద్దుటిపూట మగతగా ఉండేది. చనిపోయిన కొడుకుకు అన్నం తీసిపెట్టమనేది. పాలు పోయించుకొని, ఇంకా పాలమనిషి రాలేదనేది. ఇదంతా నేను కళ్ళారా చూసిందే. మా నాన్న ఆవిడను కంటికి రెప్పలా చూసుకున్నాడు, ఆ మాట కూడా నిజం.

అత్తకు భర్తవైపునుంచి ఎకరంన్నర మాగాణి వచ్చింది. ఆ వైపు బంధువు ఒకాయన ఒకనాడు వచ్చి, పనుందని ఆవిడను టౌనుకు తీసుకువెళ్ళి, సాయంకాలం తెచ్చి దిగబెట్టాడు. కొన్నాళ్ళకు పొలం ఆయన పేరుమీదికి మారిందని తెలిసింది. "ఆవిడే చదువుకొని, ఇష్టపడి సంతకం పెట్టింది. పెట్టిన సంగతి మరిచిపోయింది, పాపం" అన్నాడాయన. తెల్లటి ధోవతి కట్టుకొని, నిదానంగా, జాలిపడుతూ అన్నాడు. అత్త మాత్రం ఒకటే మాట అనేది. "ఒరే తమ్ముడూ, నాకు పింఛను కాగితమని చెప్పార్రా." పదిసార్లంటే పదిసార్లూ అదే మాట. పాలమనిషి సంగతి రోజుకొక రకంగా చెప్పే మనిషి ఈ మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా చెప్పేది. మా నాన్న "సరేలే అక్కయ్యా, పడుకో" అని దుప్పటి కప్పేవాడు. వచ్చిన చుట్టాలు అడిగితే మా ఇంట్లోనూ అదే మాట వినిపించేది: "ఆవిడ మాటకేం లెండి!" మరి నాలుగేళ్ళకు అత్త పోయింది.

నవల పూర్తయిన మర్నాడు ఆ కాగితం వెనకవైపు తిప్పి మళ్ళీ నిలువుగీత గీశాను. అత్త చదివి సంతకం పెట్టిందన్నది ఎటు వెయ్యాలి? విన్నది. మరిచిపోయిందన్నది? అదీ విన్నదే. రెండూ చెప్పినవారు ఒక్కరే, ఆ పొలం వెళ్ళిందీ ఆయనకే. ఎడమవైపు వెయ్యడానికి ఏమీ దొరకలేదు. మా నాన్న లేడు. మా అమ్మకిప్పుడు డెబ్బై దాటాయి, నా దగ్గరే ఉంటుంది. సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూంటే పక్కన కూర్చుని, "అమ్మా, అత్తయ్యను టౌనుకు తీసుకెళ్ళిన రోజు నీకేమైనా గుర్తుందా?" అని అడిగాను.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. చేతిలో కాయ అలాగే పట్టుకొని ఉంది. చివరకు, "ఆ వారం మీ అత్తయ్యకు కళ్ళజోడు లేదే. కిందపడి అద్దం పగిలితే నేనే కొట్లో ఇప్పించాను. ఆమె టౌనునుంచి వచ్చిన మర్నాడో ఆ మర్నాడో నేనే వెళ్ళి తెచ్చాను. జోడు లేకపోతే పక్కన మనిషి మొహం కూడా ఆనేది కాదు" అంది.

పెన్సిలు తీసుకొని ఎడమవైపు ఆ ఒక్క ముక్కా రాసుకున్నాను. అది రుజువైపోదు. పొలం ఎన్నడో చేతులు మారి ఇళ్ళస్థలాలైపోయింది, ఆ బంధువూ గతించాడు. పైగా ముప్పయ్యయిదేళ్ళ నాటి జ్ఞాపకం, జ్ఞాపకాల సంగతి పైన నేనే రాశాను. అయినా అది ఒకరు చెప్పగా విన్నది కాదు, మా అమ్మ తన చేత్తో ఇచ్చి తెచ్చిన కళ్ళజోడు.

"ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"నన్నెవరడిగారు?" అంది అమ్మ, మళ్ళీ చిక్కుడుకాయల్లో పడుతూ.

అమ్మకు ఇంగ్లీషు రాదు. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆ నవలను తెలుగులో కొంచెం కొంచెం చెబుతున్నాను, మన వారపత్రికల్లో సీరియలు మాదిరి. మా అమ్మాయి పక్కన చేరి, హంతకుడెవరో చెప్పేస్తానని బెదిరిస్తూ ఉంటుంది. మొన్న రాచెల్ పోలీసుస్టేషనుకు వెళ్ళి వచ్చే ఘట్టం దగ్గర ఆపాను. అమ్మ పడుకోబోతూ అడిగింది: "పాపం, ఆ పిల్లకు కాస్త మజ్జిగ ఇచ్చి, మత్తు దిగాక కూర్చోబెట్టి అడగవచ్చు కదా, వాళ్ళ సొమ్మేం పోయింది?"